బండి ఆగితే తీగ పోయింది, తీగ పోయాక బండి రాలేదు: దక్షిణాఫ్రికా రైల్వే చిక్కుముడి

దక్షిణాఫ్రికాలో ఉత్తర కేప్ గనుల నుంచి సల్దాన్యా రేవుకి మాంగనీసు మోసుకెళ్లే ఒక గూడ్సు బండి ఉంది. దానికి 375 వ్యాగన్లు. పొడవు దాదాపు నాలుగు కిలోమీటర్లు. ఇంజను ఒక ఊరు దాటేసరికి బండి తోక ఇంకా వెనక ఊళ్లోనే ఉంటుంది. ఇదే లైను మీద 1989 ఆగస్టులో 660 వ్యాగన్లు తగిలించి, 7.3 కిలోమీటర్ల పొడవున్న బండిని నడిపి ప్రపంచ రికార్డు కొట్టారు.

అదే దేశంలో, అదే సముద్రతీరాన, కేప్‌టౌన్ నగరంలో సెంట్రల్ లైన్ అనే లోకల్ రైలు మార్గం ఉంది. లాంగా, ఫిలిప్పీ, కాయెలిట్షా లాంటి పేదల బస్తీలకి అదే ఆధారం. 2019 అక్టోబరులో ఆ లైను మీద బండ్లు ఆగిపోయాయి. కొన్నాళ్లకి పట్టాల మీద రేకుల ఇళ్లు వెలిశాయి. పట్టాల మధ్యలో పొయ్యి, పట్టాల మీదుగా బట్టలారేసిన తాడు. రైలు రావాల్సిన దారిలో జనం కాపురాలు పెట్టారు.

ప్రపంచంలోనే పొడవైన బండ్లు నడిపిన దేశం, ఊళ్లో కూలి పనికి వెళ్లే మనిషిని 30 కిలోమీటర్లు తీసుకెళ్లలేకపోయింది. ఎందుకు? అక్కడివాళ్లని అడిగితే తలా ఒక జవాబు చెబుతారు. దొంగలంటారు ఒకరు, అవినీతి అంటారు ఇంకొకరు, లారీల లాబీ అని, కరోనా అని, ఇరుకు పట్టాలని రకరకాలుగా చెబుతారు. ఒక్కటి మినహా ఇవన్నీ నిజమే. కానీ ఏది ముందు, ఏది తర్వాత అన్నది చూడకపోతే కథ అర్థం కాదు.

ఆ మినహాయింపు ఏమిటో ముందు చూద్దాం. పట్టాల వెడల్పు.

గేజ్ మీద నింద

దక్షిణాఫ్రికా పట్టాల మధ్య దూరం 1067 మిల్లీమీటర్లు. దీన్ని కేప్ గేజ్ అంటారు. గుంటూరు–గుంతకల్లు లైను మీటర్ గేజ్‌గా ఉన్న రోజులు గుర్తున్నవాళ్లకి ఇది సులభంగా అర్థమవుతుంది. ఆ పట్టాల కంటే 67 మిల్లీమీటర్లే ఎక్కువ. మనం మీటర్ గేజ్‌ని పీకేసి బ్రాడ్ గేజ్ వేసుకున్నాం కాబట్టి, వాళ్ల కష్టాలకి కూడా ఈ ఇరుకు పట్టాలే కారణమని మనకి చటుక్కున అనిపిస్తుంది.

మొదట్లో వాళ్లు వేసింది ఇరుకు పట్టాలు కాదు. 1860 జూన్ 26న డర్బన్‌లో మొదలైన మొదటి లైనుది, 1860లలో కేప్‌టౌన్ నుంచి వెల్లింగ్టన్‌కి వేసిన లైనుది స్టాండర్డ్ గేజే, అంటే 1435 మిల్లీమీటర్లు. ఇంతలో లోపలి ప్రాంతంలో కింబర్లీ దగ్గర వజ్రాలు దొరికాయి. అక్కడికి చేరాలంటే హెక్స్ నది కొండలు ఎక్కాలి. వెడల్పు పట్టాలకి మలుపులు పెద్దవిగా తిప్పాలి, కొండ ఎక్కువ తవ్వాలి, ఖర్చు తడిసి మోపెడవుతుంది. అందుకే 1870ల మొదట్లో కేప్ ప్రభుత్వం రైల్వేని తన చేతిలోకి తీసుకున్నప్పుడు ఇరుకు గేజ్ ఎంచుకుంది. 1885లో రైలు కింబర్లీ చేరింది.

మరి నాలుగు కిలోమీటర్ల బండి నడుస్తున్నది ఏ గేజ్ మీద? ఈ కేప్ గేజ్ మీదే. ఆ లైనులో ఒక్కో ఇరుసు మీద 30 టన్నుల బరువు వేస్తారు. మన బ్రాడ్ గేజ్‌లో మామూలు గూడ్సు లైన్ల మీద అంత బరువు వేయం. బండి వేగానికి, బోగీ వెడల్పుకి గేజ్ కొంత అడ్డే. కానీ బరువు మోయడానికి కావాల్సింది బలమైన పట్టా, దాని కింద గట్టి కంకర, సరిగా చూసుకునే మనుషులు. కాబట్టి గేజ్‌ని ఈ నేరం నుంచి విడుదల చేయొచ్చు.

ఎవరి కోసం వేసిన రైలు?

1886లో విట్‌వాటర్స్‌రాండ్‌లో బంగారం దొరికాక జొహానెస్‌బర్గ్ పుట్టింది. ఆ బంగారం కోసం మూడు వైపుల నుంచి మూడు రైళ్లు పరుగు తీశాయి. కేప్ లైను 1892లో చేరింది. పోర్చుగీసువాళ్ల రేవు లౌరెన్సో మార్క్విస్, అంటే ఇప్పటి మపూటో, నుంచి ఒక లైను, డర్బన్ నుంచి ఇంకొక లైను 1895 నాటికి వచ్చేశాయి. దేశం పటం చూస్తే ఇప్పటికీ అదే కనిపిస్తుంది. గని నుంచి రేవుకి గీతలు. మధ్యలో ఊళ్లని కలపాలన్న ఆలోచన తక్కువ.

డర్బన్ లైనులో మనవాళ్ల చెమట ఉంది. మొదటి రైలు నడిచిన ఆ 1860లోనే, నవంబరు 16న, మద్రాసు నుంచి బయల్దేరిన ట్రూరో అనే ఓడ 342 మంది కూలీలతో డర్బన్ చేరింది. 1911 వరకు అలా లక్షా 52 వేల మందికి పైగా వెళ్లారు. వాళ్లలో విశాఖపట్నం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువాళ్లూ ఉన్నారు. ఎక్కువమంది చెరకు తోటల్లోకి వెళ్తే, చాలామందిని నటాల్ ప్రభుత్వ రైల్వే తీసుకుంది. పట్టాలు మోసింది, కంకర కొట్టింది, డర్బన్‌లో రైల్వే బరాక్స్‌లో ఇరుకు గదుల్లో పిల్లల్ని పెంచింది వాళ్లే. 1931లో డర్బన్‌లో ఆంధ్ర మహాసభ పెట్టుకుని భాషని నిలబెట్టుకున్నది వాళ్ల పిల్లలు, మనవలు. 1893లో పీటర్‌మారిట్జ్‌బర్గ్ స్టేషన్‌లో గాంధీని రైల్లోంచి దించేసిన సంగతి మన పిల్లలందరికీ పాఠంగా తెలుసు. ఆ స్టేషన్ ఉన్న లైనుని కాపాడిన కూలీల పేర్లు మాత్రం మన పాఠాల్లో లేవు. నాకది లోటుగానే అనిపిస్తుంది.

1910లో నాలుగు వలసరాజ్యాలు ఒకే దేశంగా కలిసినప్పుడు రైళ్లన్నీ దక్షిణాఫ్రికా రైల్వేలుగా ఒకటయ్యాయి. 1924 తర్వాత వచ్చిన ప్రభుత్వం రైల్వేని పేద తెల్లవాళ్లకి ఉద్యోగాలిచ్చే చోటుగా మార్చింది. నల్లవాళ్లనీ భారతీయులనీ తీసేసి, ఎక్కువ జీతం ఇచ్చి తెల్లవాళ్లని పెట్టుకున్నారు.

అసలు దెబ్బ 1950 తర్వాత పడింది. వర్ణవివక్ష ప్రభుత్వం తెచ్చిన చట్టంతో ఎవరు ఎక్కడ ఉండాలో రంగుని బట్టి నిర్ణయించారు. నల్లవాళ్లని సొవెటో, మమెలోడి, క్వామాషు లాంటి చోట్లకి, భారతీయులని డర్బన్ దగ్గర చాట్స్‌వర్త్‌కి నగరానికి దూరంగా నెట్టేశారు. కానీ పొద్దున్నే ఫ్యాక్టరీకి, ఇంటి పనికి వాళ్లే రావాలి. అందుకని ఆ బస్తీలకి రైలు వేశారు. ఊరికి దూరంగా ఉంచడానికి, పనికి మాత్రం రప్పించడానికి వేసిన రైలు అది. 1994లో ప్రజాస్వామ్యం వచ్చింది. ఇళ్లు మాత్రం ఎక్కడివక్కడే ఉండిపోయాయి. ఇప్పటికీ పేదవాడి ఇల్లు దూరంలోనే, పని నగరంలోనే. కాబట్టి అక్కడ లోకల్ రైలు ఆగిపోవడమంటే జీతంలో పెద్ద ముక్క మినీబస్సు ట్యాక్సీకి పోవడమే.

ఒక్క రైల్వే కాదు, మూడు

మనకి రైల్వే అంటే ఒకటే సంస్థ. గూడ్సులో వచ్చిన లాభం ప్యాసింజర్ టికెట్‌ని చౌకగా ఉంచుతుంది. బొగ్గు మోసిన డబ్బు పల్లెటూరి ప్యాసింజర్‌ని నడుపుతుంది. దక్షిణాఫ్రికాలో ఈ ముడిని విప్పేశారు. 1990లో ప్రభుత్వ శాఖగా ఉన్న రైల్వే ట్రాన్స్‌నెట్ అనే ప్రభుత్వ కంపెనీ అయింది. రేవులు, పైపులైన్లు, గూడ్సు బండ్లు, దూరపు పట్టాలు అన్నీ దాని చేతిలో. నగరాల లోకల్ రైళ్లని అప్పుడే విడిగా తీశారు. 2009 నుంచి అవి, దూరప్రయాణపు రైళ్లు కలిపి ప్రాసా అనే ఇంకో ప్రభుత్వ సంస్థ కిందకి వచ్చాయి. మూడోది గౌట్రెయిన్. 2010 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌కి కొద్ది రోజుల ముందు విమానాశ్రయం వైపు మొదటి భాగం మొదలై, తర్వాత జొహానెస్‌బర్గ్, ప్రిటోరియాలని కలిపిన, 80 కిలోమీటర్ల పొడవున్న వేగపు రైలు మార్గం. అది స్టాండర్డ్ గేజ్. మిగతా దేశం పట్టాల మీదకి అది రాలేదు, మిగతా బండ్లు దాని మీదకి పోలేవు. ఆఫీసు ఉద్యోగులకి చక్కగా ఉపయోగపడుతోంది.

కాగితం మీద ఈ విభజన బాగానే కనిపిస్తుంది. లాభం తెచ్చేది ఒకవైపు, సేవ చేసేది ఒకవైపు. కానీ లోకల్ రైలుకి గూడ్సు నుంచి వచ్చే ఆసరా పోయింది. ప్రభుత్వం ఇచ్చే గ్రాంటే గతి. దశాబ్దాలపాటు కొత్త బండ్లు కొనలేదు. 1950లలో గీసిన డిజైను బోగీలే 2010ల దాకా తిరిగాయి. దూరప్రయాణపు రైలు ప్రాసాది, పట్టాలు ట్రాన్స్‌నెట్‌వి. బండి ఆలస్యమైతే ఒకరి వైపు ఒకరు వేలు చూపించుకోవడమే.

రాగి

ఈ కథంతా ఒక తీగ దగ్గరకొస్తే తేలిగ్గా అర్థమవుతుంది.

మన రైళ్ల మీద కనిపించే విద్యుత్ తీగలో 25,000 వోల్టులు ఉంటాయి. దక్షిణాఫ్రికా చాలా ముందుగా, 1926లోనే నటాల్ కొండల మీద కరెంటు రైలు తెచ్చింది. సముద్రమట్టం నుంచి దాదాపు 1,750 మీటర్ల ఎత్తున్న జొహానెస్‌బర్గ్ దాకా ఎక్కే దారిలో ఆవిరి ఇంజన్లు ఆయాసపడేవి. అప్పటి పరిజ్ఞానం ప్రకారం 3,000 వోల్టుల డీసీ కరెంటు పెట్టారు. లోకల్ రైళ్లు దాదాపు అన్నీ, గూడ్సు లైన్లలో చాలా భాగం ఇప్పటికీ దాని మీదే నడుస్తున్నాయి.

వోల్టేజ్ తక్కువైతే అదే శక్తి కోసం కరెంటు ఎక్కువ పారాలి. 3,000 వోల్టుల తీగలో, 25,000 వోల్టుల తీగతో పోలిస్తే ఎనిమిది రెట్లకి పైగా. అంత కరెంటు పారాలంటే తీగ లావుగా ఉండాలి. సబ్‌స్టేషన్లు దగ్గర దగ్గరగా ఉండాలి. అంటే కిలోమీటరుకి రాగి ఎక్కువ. 1926లో అది మంచి ఇంజనీరింగ్. రాగి ధర ఆకాశాన్నంటిన కాలంలో, సగం మంది కుర్రాళ్లకి ఉద్యోగం లేని దేశంలో, అది ఊరి బయట పరిచిన బంగారు గొలుసు లాంటిది.

అయితే ఆ తీగకి ఒక సహజమైన కాపలా ఉంది. అందులో కరెంటు ఉన్నంతకాలం ముట్టుకుంటే చావే. దాని కింద పది నిమిషాలకో బండి వెళ్తున్నంతకాలం డ్రైవరు కళ్లు ఉంటాయి, ప్రయాణికుల కళ్లు ఉంటాయి. అంటే బండే తీగకి కాపలా. బండి ఆగి, కరెంటు తీసేసిన రోజు ఆ తీగ ఉత్త రాగి అయిపోతుంది.

2019 చివర్లో ప్రాసా తన కాపలా కాంట్రాక్టులు రద్దు చేసింది. అవి పద్ధతి ప్రకారం ఇవ్వలేదన్నది కారణం. ఆ కారణం సబబే. కానీ వాటి స్థానంలో సరిపడా మనుషుల్ని పెట్టలేదు. 2020 మార్చి చివర కరోనా లాక్‌డౌన్ వచ్చింది. బండ్లన్నీ ఒకేసారి ఆగాయి. తీగల్లో కరెంటు లేదు, స్టేషన్లో మనిషి లేడు. ముందు పైతీగ పోయింది. తర్వాత భూమిలో పాతిన సిగ్నల్ కేబుళ్లు తవ్వుకుపోయారు. తర్వాత ట్రాన్స్‌ఫార్మర్లు, స్టేషన్ కిటికీలు, పైకప్పు రేకులు, మరుగుదొడ్ల పైపులు, చివరికి ఇటుకలు. సొవెటోలో క్లిప్‌టౌన్ లాంటి స్టేషన్లు గోడల మొండాలతో మిగిలాయి.

సిగ్నల్ కేబుల్ పోతే ఏమవుతుందో అంతకుముందే చూశారు. సిగ్నల్ పని చేయకపోతే, ముందు సెక్షన్ ఖాళీగా ఉందని మనిషి మాటతో అనుమతి తీసుకుని బండి నడపాలి. ఒక్క పొరపాటు చాలు. 2019 జనవరిలో ప్రిటోరియా దగ్గర మౌంటెన్ వ్యూ స్టేషన్లో అలాంటి పద్ధతిలో నడుస్తున్న రెండు లోకల్ బండ్లు గుద్దుకున్నాయి. ప్రాణాలు పోయాయి, వందలమంది గాయపడ్డారు.

2010ల మొదట్లో ఏడాదికి 50 కోట్లకి పైగా ప్రయాణాలు నడిపిన లోకల్ రైళ్లు, 2021–22 నాటికి రెండు కోట్లు కూడా దాటలేదు.

ఇంజన్లు

కాపలా పోయింది సరే, ఖజానా ఏమైంది? 2014లో ట్రాన్స్‌నెట్ 1,064 ఇంజన్లు కొనడానికి ఒప్పందాలు చేసుకుంది. మొదట వేసిన లెక్క 38.6 బిలియన్ రాండ్లు (రాండ్ అక్కడి కరెన్సీ). సంతకాల సమయానికి అది 54.5 బిలియన్లు అయింది. మధ్యలో ఎవరెవరికి ఎంత ముట్టిందో జస్టిస్ రేమండ్ జోండో కమిషన్ నాలుగేళ్లు విని, 2022లో బయటపెట్టిన నివేదికల్లో వివరంగా రాసింది. మన సహారన్‌పుర్ నుంచి వెళ్లిన గుప్తా కుటుంబం పేరు అందులో పదేపదే వస్తుంది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ ఇంటివాళ్లే తలుపులు తీసి పెట్టారు.

ఆ దోపిడీ డబ్బుతోనే ఆగలేదు. కోర్టు కేసులు, పన్ను బకాయిల గొడవల్లో, ఆ ఇంజన్లలో చాలావాటిని అమ్మిన చైనా కంపెనీ నుంచి విడిభాగాలు రావడం ఆగిపోయింది. కొత్త ఇంజన్లు వందల కొద్దీ యార్డుల్లో నిలబడిపోయాయి. ఒక ఇంజన్ నుంచి భాగం తీసి ఇంకొకదానికి వేసుకునే పరిస్థితి వచ్చింది.

ప్రాసాలోనూ ఇదే తీరు. 3.5 బిలియన్ రాండ్లతో 70 ఇంజన్లకి ఆర్డరిచ్చి, స్పెయిన్ నుంచి 13 తెప్పించుకున్నాక, అవి అక్కడి పైతీగల ఎత్తుకి మించి పొడవున్నాయని గొడవ బయటపడింది. 2017లో హైకోర్టు ఆ కాంట్రాక్టునే కొట్టేసింది.

గోరుచుట్టు మీద రోకటిపోటు లాగా 2022 ఏప్రిల్‌లో క్వాజులు–నటాల్‌లో వరదలొచ్చి, డర్బన్ నుంచి లోపలికి వెళ్లే ప్రధాన లైను కొట్టుకుపోయింది. ఇటు రాగి దొంగలు ఆగలేదు. గూడ్సు లైన్ల మీద ఏడాదికి వెయ్యి కిలోమీటర్లకి పైగా కేబుల్ పోయింది. 2022 నవంబరు చివర్లో ప్రభుత్వం తుక్కు రాగి, ఇనుము ఎగుమతిని నిషేధించాల్సి వచ్చింది.

2017–18లో 22.6 కోట్ల టన్నుల సరుకు మోసిన ట్రాన్స్‌నెట్, 2022–23లో మోసింది సుమారు 15 కోట్లు.

ఆ సరుకు ఎటు పోయింది?

లారీల్లోకి పోయింది. రిచర్డ్స్ బే రేవుకి 200 వ్యాగన్ల బండ్లలో వెళ్లాల్సిన బొగ్గు, ఎన్2 రోడ్డు మీద వరుస కట్టిన లారీల్లో వెళ్లడం మొదలైంది. ఒక బొగ్గు బండి మోసే బరువుకి వందల లారీలు కావాలి. అంత బరువు కోసం వేసినవి కాదు ఆ రోడ్లు. 2022 సెప్టెంబరులో ఆ రోడ్డు మీద పొంగోలా దగ్గర ఒక లారీ రాంగ్ సైడులో ఎదురొచ్చి, పిల్లల్ని తీసుకెళ్తున్న చిన్న వాహనాన్ని గుద్దేసింది. దాదాపు 20 మంది చనిపోయారు, ఎక్కువమంది బడిపిల్లలు. రైలు ఆగితే నష్టం అంకెల్లో ఉంటుందనుకుంటాం. పొంగోలాలో అది పిల్లల ప్రాణాలు తీసింది.

రిచర్డ్స్ బే బొగ్గు టెర్మినల్ నుంచి 2017లో 7.6 కోట్ల టన్నులు ఎగుమతైతే, 2023లో 4.7 కోట్లే వెళ్లింది. మూడు దశాబ్దాల్లో అదే తక్కువ. ఈ బొగ్గుని ఎక్కువగా కొనే దేశం మనదే. స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీలకి ఆ రకం బొగ్గు బాగా పనికొస్తుంది. గంగవరం, కృష్ణపట్నం లాంటి మన రేవుల్లో అది దిగుతుంది. ఇక్కడ బట్టీలో మండే ఆ బొగ్గు వెనక, అక్కడ తీగ తెగిన ఒక సెక్షన్‌లో ఆగిపోయిన బండి ఉండొచ్చు.

ఇప్పుడేం చేస్తున్నారు

2022లో తెచ్చిన రైల్వే విధానం ప్రకారం ట్రాన్స్‌నెట్‌లో పట్టాలు చూసేవాళ్లని, బండ్లు నడిపేవాళ్లని 2024లో వేరు చేశారు. పట్టాలు ప్రభుత్వానివే. వాటి మీద సమయాన్ని, అంటే స్లాట్లని, ప్రైవేటు కంపెనీలకి కూడా అద్దెకిస్తారు. 2025 ఆగస్టులో 11 కంపెనీలకి 41 మార్గాల్లో నడిపే అవకాశం ఇస్తున్నట్టు రవాణా మంత్రి బార్బరా క్రీసీ ప్రకటించారు. 2029 నాటికి ఏడాదికి 25 కోట్ల టన్నులు మోయాలన్నది లక్ష్యం.

దీన్ని ప్రైవేటీకరణ అని ఒకళ్లు, సంస్కరణ అని ఒకళ్లు అంటున్నారు. నా దృష్టిలో ఆ పేరు కంటే తీగ ముఖ్యం. ప్రైవేటు కంపెనీ కొత్త ఇంజన్ కొనాలంటే బ్యాంకు అప్పివ్వాలి. ఆ స్లాట్‌లో ఆ రోజు పట్టా, తీగ, సిగ్నల్ ఉంటాయన్న నమ్మకం ఉంటేనే బ్యాంకు అప్పిస్తుంది. పట్టాల సంస్థ వాటిని బాగు చేయాలంటే స్లాట్ల అద్దె రావాలి. ఎవరు ముందు? అందుకే ఖజానా నుంచి హామీలు ఇవ్వక తప్పలేదు. 2023 డిసెంబరులో ఒక్కసారే 47 బిలియన్ రాండ్లకి హామీ ఇచ్చారు. ప్రైవేటువాళ్లు డీజిల్ ఇంజన్లు తెచ్చుకుని తీగల గొడవే లేకుండా నడుపుకుంటారన్న మాటా ఉంది. వందేళ్ల కిందట కరెంటుకి మారిన లైను కింద మళ్లీ డీజిల్ పొగ అంటే నాకు మనసొప్పదు, కానీ సరుకు కదలాలంటే కొన్నాళ్లు అదే దారి కావచ్చు.

లోకల్ రైళ్ల దగ్గర కదలిక ఇంకా స్పష్టంగా ఉంది. జొహానెస్‌బర్గ్ తూర్పున డన్నొటర్‌లో పెట్టిన ఫ్యాక్టరీ నుంచి నీలం రంగు కొత్త బండ్లు వస్తున్నాయి. మొత్తం 600 బండ్ల ఆర్డరు. వాటికి ఇసిటిమెలా సబాంటు అని పేరు పెట్టారు, ప్రజల రైలు అని. ఇసిటిమెలా అంటే జులూలో రైలు. ఇంగ్లీషు స్టీమర్ నుంచి వచ్చిన మాట. ఆవిరి ఇంజన్లు పోయినా పేరులో ఉండిపోయింది. 2024–25లో ప్రయాణాలు మళ్లీ ఏడు కోట్లు దాటాయి.

కేప్‌టౌన్ సెంట్రల్ లైను మీద మాత్రం పని పట్టాల దగ్గర మొదలుకాలేదు. ఆ రేకుల ఇళ్లలో ఉన్నవాళ్లు లాక్‌డౌన్‌లో పని పోయి, అద్దె కట్టలేక అక్కడికి చేరినవాళ్లు. వాళ్లని పొమ్మంటే ఎక్కడికి పోతారు? ముందు స్థలం చూడాలి, అక్కడ నీళ్లు, కరెంటు ఇవ్వాలి, అక్కడి పాత కాపురస్తుల్ని ఒప్పించాలి. ఏళ్లు పట్టింది. లాంగా దగ్గర ఖాళీ అయ్యాక చెత్త తీశారు, స్లీపర్లు మార్చారు, కంకర పోశారు, తీగ కట్టారు, తీగకి కాపలా పెట్టారు. తర్వాత నీలం బండి ఒక్కో స్టేషన్ దాకా ముందుకెళ్లింది, న్యాంగా, ఫిలిప్పీ, కాయెలిట్షా వైపు.